వేలం ఇంటి కసువు

మా బామ్మర్ది పేపరు చదివే తీరే వేరు. రాజకీయాలు, సినిమాలు, రాశిఫలాలు అన్నీ దాటుకుంటూ పోయి బ్యాంకు వేలం ప్రకటనల దగ్గర ఆగుతాడు. కళ్లద్దాలున్నవాడికి కూడా కనబడనంత చిన్న అక్షరాల్లో రుణగ్రహీత, జామీనుదారు, తూర్పున ఇరవై అడుగుల వీధి, పడమర ఫలానావారి ఖాళీ స్థలం అంటూ సాగే ఆ హద్దుల్ని స్తోత్రం చదివినట్టు పైకి చదువుతాడు. చదివి, "బావా, మదనపల్లెలో ఇంకోటి పడిండాది" అంటాడు. ఇల్లు పోయినవాళ్ల మీద వాడికి జాలి లేదని కాదు. జాలి ఉంది, దాంతోపాటు విజిటింగ్ కార్డు కూడా ఉంది.

ఈ పిచ్చి వాడికి డల్లాస్‌లో ఉండే చిన్ననాటి స్నేహితుడి వల్ల అంటుకుంది. 2008లో లేమాన్ బ్రదర్స్ కూలినాక అమెరికాలో లక్షల ఇళ్లు బ్యాంకుల పాలయ్యాయి. జనం సోఫాలు, ఫ్రిజ్‌లు, పిల్లల సైకిళ్లు ఎక్కడివక్కడ వదిలేసి పోయారు. బ్యాంకు ఆ ఇంటిని అమ్మిపెట్టమని రియల్ ఎస్టేట్ ఏజెంటుకు అప్పగిస్తుంది. ఏజెంటు చెత్త ఎత్తించి, గడ్డి కోయించి, తాళం మార్పించి అమ్మకానికి పెడతాడు. ఆ చెత్త ఎత్తడమే అక్కడ ఒక వ్యాపారం. ఒక్క ఏజెంటును మంచి చేసుకుంటే చాలు, ఇళ్లు వాటంతటవే వస్తాయట. అది విన్న రోజే మావాడు తంబళ్లపల్లెలో కార్డులు అచ్చేయించాడు: "జప్తు ఇళ్లు శుభ్రం చేయబడును." మొదటి కార్డును దేవుడి గూట్లో పెడితే, మా అత్తగారు 'జప్తు' అన్న మాట చదివి, దాన్ని చిటికెన వేలితో తీసి బయట పడేశారు.

నేను రిటైరైన అయ్యవారిని. ఈ చుట్టుపక్కల సగం మంది నా దగ్గర ఎక్కాలు చదివినవాళ్లే. "నువ్వు పక్కనుంటే ఎవురూ తలుపెయ్యరు బావా" అని నన్ను బండి వెనక ఎక్కించుకున్నాడు.

అయితే మా తంబళ్లపల్లెలో ఈ వ్యాపారానికి సరుకే లేదు. పల్లెల్లో ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలోవి. తాత కట్టాడు, తండ్రి పెంకు మార్చాడు, కొడుకు మిద్దె వేశాడు, కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. కాగితం లేని ఇంటి మీద బ్యాంకు అప్పివ్వదు, ఇవ్వని అప్పుకు జప్తు చేయలేదు. పోనీ పొలాలంటారా, బ్యాంకులు కోర్టుకు పోకుండానే ఆస్తి స్వాధీనం చేసుకోవడానికి 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టమే తన 31వ సెక్షన్లో వ్యవసాయ భూమిని వదిలిపెట్టింది. మిగిలింది బంగారం. మావాళ్లకు అవసరమొస్తే మెడలోది తీసి కుదువ పెడతారు. విడిపించుకోకపోతే అదీ వేలానికి వస్తుంది. కానీ గొలుసులో కసువు ఉండదు.

అందుకని మదనపల్లె బాట పట్టాం. అక్కడ సరుకుకు కొదవ లేదు. టమాటాకు పేరున్న మార్కెట్టు అది. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటి పోయిన కాయ, అదృష్టం బాగాలేని సంవత్సరంలో తోటలోనే కుళ్లిపోతుంది. ధర ఎక్కిన ఏడు పునాది తీసి, దిగిన ఏడు నోటీసు అందుకునేవాళ్లు ఉంటారు.

ఒక బ్యాంకు మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, మావాడి కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాస్టారూ, మేం ఆస్తి అమ్మేది 'ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏమున్నది అదే' అన్న షరతు మీద. మీరు శుభ్రం చేశాక అది ఎలా ఉన్నది అలాగే ఎలా అవుతుందండీ?"

దీనికి జవాబు నాకు తోచలేదు. ముప్పై ఏళ్లకు పైగా వ్యాకరణం చెప్పినవాణ్ని, ఆ వాక్యంలో తప్పు పట్టలేకపోయాను. సాలెగూడుకు కూడా చట్టరక్షణ ఉందన్నమాట.

తర్వాత నీరుగట్టువారిపల్లె వైపు ఒక ఇంటికి పోయాం. పేపర్లో దాని స్వాధీన ప్రకటన పడింది. బ్యాంకు ముందు అరవై రోజుల నోటీసు ఇస్తుంది, బాకీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటుంది. ఆ స్వాధీనం రెండు రకాలు. మనుషుల్ని ఖాళీ చేయించి తాళమేసేది ఒకటి. గోడకు కాగితం అంటించి, పేపర్లో వేసి, ఇల్లు మాదైపోయింది అనుకునేది ఇంకొకటి. దీన్ని 'సంకేత స్వాధీనం' అంటారు. తాళం దాకా రావాలంటే మధ్యలో కలెక్టరు గారి ఉత్తర్వులో, మేజిస్ట్రేటు ఉత్తర్వులో కావాల్సి వస్తుంది. మావాడు ప్రకటనలో హద్దులు చదివాడు గానీ ఆ మాట చదవలేదు.

లోపల మగ్గం ఆడుతోంది. వాకిట్లో సానిపి చల్లి ముగ్గేసి ఉంది. గోడకంటించిన నోటీసు మీద ఎవరో పిల్లకాయ ఏనుగు బొమ్మ గీశాడు.

"ఎవురు నాయనా?" అంటూ ఒక అవ్వ వచ్చింది.

"ఇల్లు శుభ్రం చేసేదానికి వచ్చినామవ్వా" అన్నాడు మావాడు, పరక వెనక్కి దాచుకుంటూ.

"బ్యాంకోళ్లు పంపించినారా?"

మావాడు అవుననీ కాదనీ కాకుండా తల ఊపాడు.

"మంచోళ్లే పాపం. పోయిన నెల కాయితం అంటించిపోయినారు. ఇప్పుడు మనిషిని పంపించినారు. ఊడ్చు నాయనా, అటక మీద గూడా ఊడ్చు. నాకు నడుము వంగదు."

ఊడ్చాడు. అటక మీద కూడా. అవ్వ ఇద్దరికీ కాఫీ ఇచ్చి, మళ్లీ శుక్రవారం రమ్మంది. ఆమె కొడుకు వేలం ప్రకటన పడకముందే ఎక్కడో తెచ్చి బాకీ మొత్తం కట్టేశాడని తర్వాత తెలిసింది. అంతలోపు కడితే ఇల్లు దక్కించుకునే హక్కు చట్టమే ఇస్తుంది. మావాడు సంతోషించాడో, ఏడ్చాడో నేను అడగలేదు.

అసలు పాఠం చెప్పింది మాత్రం బ్రోకరే. టీ అంగడి దగ్గర రెండు ఫోన్లు, ఒక లేఅవుట్ మ్యాపు ముందేసుకుని కూర్చున్న ఆయనకు మావాడు డల్లాస్ పద్ధతి అంతా వివరించాడు. ఆయన ఓపిగ్గా విని, ఊదుకుంటూ టీ తాగి అన్నాడు:

"ఇల్లు తళతళమంటా ఉంటే పార్టీకి అనుమానమొస్తాదప్పా. ఇంత బాగుండేదాన్ని ఎందుకు పోగొట్టుకున్నారని అడుగుతాడు. చెత్తుంటే నాకే మేలు, దాన్ని చూపించి రేటు తగ్గించొచ్చు. కసువు గురించి ఎవురూ అడగరు. వేలం ఇల్లంటే మొదట అడిగేది ఉసురు. ఏడ్చుకుంటా పోయినోళ్ల ఉసురు తగులుతాదని ఆడోళ్లు గడప తొక్కరు. దాన్ని ఊడ్చే పరక ఉంటే చెప్పు, రేపే నాలుగు ఇండ్లు ఇస్తా."

నాకు నవ్వొచ్చింది. మావాడు నవ్వలేదు. దారిలో పుంగనూరు రోడ్డు మలుపు దగ్గర బండి ఆపి, "బావా, పుంగనూరు ఆవు" అన్నాడు. రోడ్డు మీద ఆవు ఉందేమో అనుకుని అటూ ఇటూ చూశాను. లేదు. ఉన్నది వాడి బుర్రలో.

ఆలోచిస్తే అమోఘమైన ఉపాయం. గృహప్రవేశంలో ముందు ఆవు గడప దాటితే, ఇక ఉసురు మాట ఎవరూ ఎత్తరు. పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగులకు కాస్త అటూ ఇటూ. లిఫ్టులో పడుతుంది, సోఫా పక్కన నిలబడుతుంది, కొమ్ములు గోడకు గీసుకోవు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలోని తన ఇంట్లో వాటికి మేత తినిపించిన ఫొటోలు చూసినాక వాటి పేరు తెలియనివాళ్లు లేరు. మావాడు ఒక ఆవును రోజు బాడుగకు మాట్లాడాడు. ఒక సిద్ధాంతి గారిని, పాలు పొంగించే ఇత్తడి గిన్నెను, గుమ్మడికాయను కలిపి ప్యాకేజీ కట్టాడు. కార్డు మీద 'జప్తు' పోయి 'పునఃప్రవేశ సేవలు' వచ్చింది. ఇల్లు శుభ్రం చేయడం అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఉచితం అని.

మరుసటి వారమే ఆ బ్రోకరు ఫోన్ చేశాడు. ఆయన చెప్పగా పలమనేరులో ఇంకొకాయన, ఆయన ద్వారా బెంగళూరులో ఇద్దరు. మావాడి పేరు వాళ్ల ఫోన్లలో 'ఆవాయన' అని ఉంటుంది. కొత్త టైల్స్ మీద ఆవు తన పని తాను చేసుకుపోతే ఎవరూ ముక్కు మూసుకోరు, లక్ష్మి వచ్చిందని ఫొటో తీసుకుంటారు. ఊడ్చేది మాత్రం మావాడే.

ఉచితమని చెప్పిన ఆ పనే అసలు కష్టం. అప్పు ఇంటి మీద తప్ప ఇంట్లో బోకుల మీద కాదు కాబట్టి, స్వాధీనం రోజు పంచనామా రాసి, సామాన్ల జాబితా వేసి, వచ్చి తీసుకుపొమ్మని పాత యజమానికి చెప్పాలి. ఆయన బీరువా, మంచం తీసుకుపోతాడు. వదిలిపోయేవి టమాటా క్రేట్లు, పాత క్యాలెండర్లు, అడుగంటిన ఊరగాయ జాడీ, దేవుడి పటాలు. క్రేట్లు గుజరీ అంగడివాడు తీసుకుంటాడు. పటాలు వాడు కూడా ముట్టడు. మావాడు వాటిని రావిచెట్టు కింద పెట్టి దండం పెట్టుకుని వస్తాడు. మా ఊరి రావిచెట్టు కింద ఇప్పుడు మనిషి కూర్చోవడానికి చోటు లేదు. డల్లాస్ స్నేహితుడికి ఈ చిక్కు చెబితే, అక్కడ ఇలాంటివి ఉండవన్నాడట. అందుకే అక్కడి లెక్కలు ఇక్కడ కుదరవు.

వేలంలో ఇల్లు కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. రిజర్వు ధరలో పది శాతం ధరావత్తు ముందే కట్టాలి. పాట మీకే దక్కితే ఆ రోజో, మరుసటి పనిదినానికో ధరావత్తుతో కలిపి పాతిక శాతం, అమ్మకం ఖరారైన పదిహేను రోజుల్లో మిగిలిందంతా కట్టాలి. ఇవన్నీ ప్రకటనలోనే ఉంటాయి. భూతద్దం పెట్టుకునైనా 'సంకేత స్వాధీనం' అని ఉందో, 'భౌతిక స్వాధీనం' అని ఉందో చూసుకోండి. ఆవు కావాలంటే మాత్రం వారం ముందు చెప్పాలి. శ్రావణమాసంలో అయితే నెల ముందు.