నాలుగు పళ్ళ లెక్క

ఆ శనివారం మైదానంలో మా అబ్బాయి చేతిలోంచి రిమోట్ లాక్కున్నాను. "ట్రిగ్గర్ అలా ఒక్కసారే లాగేస్తే ఇంజన్ ఏమైపోతుంది? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని పదిమంది ముందూ అరిచాను. వాడికి పన్నెండేళ్ళు. ఏమీ అనకుండా వెళ్ళి కారులో కూర్చున్నాడు. తప్పు వాడిది కాదు, నాది. ఆ సంగతి నాకు తెలిసేసరికి మూడు వారాలు గడిచాయి, ఒక ఇంజన్ పోయింది.

మేముండేది టెక్సస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన. రిమోట్‌తో నడిపే చిన్న నైట్రో ట్రక్కుల పిచ్చి ఉన్నవాళ్ళకు ఇది పుట్టిల్లు లాంటి చోటు. 1999లో వచ్చి ఈ రకం ట్రక్కులకు ఎంతో పేరు తెచ్చిన టీ-మ్యాక్స్‌ను తయారుచేసిన ట్రాక్సస్ కంపెనీ ఈ ప్రాంతానిదే. మాది మరో కంపెనీ ట్రక్కు, ఎవరో వాడి అమ్మింది. కొన్నప్పుడు ఇంజన్ వైపుండే చిన్న పళ్ళచక్రం, అంటే క్లచ్ బెల్‌కు 14 పళ్ళు, అది తిప్పే పెద్ద చక్రం, అంటే స్పర్ గేర్‌కు 62 పళ్ళు. అంటే బెల్ నాలుగున్నర చుట్లకు కాస్త తక్కువగా తిరిగితే స్పర్ గేర్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ బండి చక్కగా నడిచేది.

పక్క ట్రక్కు మా దాన్ని దాటిపోవడం చూసి ఓర్వలేకపోయాను. 18 పళ్ళ బెల్ తెప్పించి వేశాను. 62 పళ్ళ చక్రం పక్కన నాలుగు పళ్ళు ఏపాటి అనుకున్నాను. రోజంతా లెక్కలతో బతికే ఉద్యోగం నాది, అయినా ఆ నాలుగును 62తో పోల్చాను గానీ 14తో పోల్చలేదు. స్పర్ గేర్‌లో ఒక పన్ను మారిస్తే తేడా ఒకటిన్నర శాతం చిల్లర. బెల్‌లో ఒక్క పన్ను పెంచితే ఏడు శాతం. నేను పెంచినవి నాలుగు, అంటే దాదాపు 29 శాతం. అదే వారం మా అబ్బాయి ముచ్చటపడ్డాడని 140 మిల్లీమీటర్ల టైర్లు తీసేసి 160వి బిగించాను. టైరు పెద్దదైతే గేరు పెంచినట్టే. రెండూ కలిస్తే గేరు 47 శాతం పెరిగింది. చక్రం నేలను తోసే బలం మునుపటిలో మూడింట రెండొంతులకు పడిపోయింది. చిన్నప్పుడు మా ఊరి గట్టు మీద సైకిల్ తొక్కినవాణ్ణి. వెనక పళ్ళచక్రం చిన్నదైతే ఎత్తు ఎక్కడం ఎంత కష్టమో పిక్కలకు తెలుసు. అయినా గుర్తు రాలేదు.

బండి గడ్డిలో కదలనని మొరాయించింది. ఇంధనం ఎక్కువ పోతోందనుకుని ఇంధనాన్ని అదుపుచేసే హైస్పీడ్ సూదిని కొంచెం కొంచెం బిగిస్తూ పోయాను. అన్నిటికన్నా పెద్ద తప్పు అదే. ఈ ఇంజన్లలో మెథనాల్, నైట్రోమీథేన్‌లతో పాటు నూనె కూడా ఇంధనంలోనే కలిసి ఉంటుంది. ఇంధనం తగ్గిస్తే నూనె కూడా తగ్గుతుంది, చల్లదనమూ తగ్గుతుంది. మైదానంలో ఒక పెద్దాయన ఇంజన్ తల మీద నీటిచుక్క వేసి చూపించాడు. రెండు మూడు సెకన్లు ఆగి ఆవిరి కావాల్సిన చుక్క పడీ పడగానే చిటపటమని ఎగిరిపోయింది. చూసి కూడా ఆగలేదు, ఇంకో ట్యాంకు నింపాను.

ఆ రాత్రి గ్యారేజీలో విప్పాను. క్లచ్ బెల్ వేడికి నీలంగా మారింది. లోపలి షూలు పట్టుకోలేక జారి జారి నున్నగా అయిపోయాయి. బేరింగ్‌లో గ్రీజు మాడింది. కొత్త బెల్ వేసినప్పుడు, పళ్ళు గట్టిగా కరుచుకుంటే మంచిదని ఇంజన్‌ను స్పర్ గేర్‌కు ఆనించి బిగించాను. మధ్యలో నోటుపుస్తకం కాగితం ముక్క పెట్టి ఖాళీ చూసుకోవాలని ఆ ట్రక్కు పుస్తకంలోనే ఉంది. స్పర్ గేర్ ప్లాస్టిక్ పళ్ళు కరిగి మొండివయ్యాయి. ఫ్లైవీల్ చేత్తో తిప్పితే, పైకొచ్చేసరికి బిగుసుకోవాల్సిన పిస్టన్ వదులుగా జారిపోయింది. ఇంజన్ చచ్చిపోయింది.

అప్పుడు కూడా కారణం నాకు తట్టలేదు. మర్నాడు ఉదయం భోజనాల బల్ల మీద ఒక కాగితం కనిపించింది. మా అబ్బాయి చేతిరాత. 62ను 14తో, 18తో భాగించి, టైరు చుట్టుకొలతలు వేసి, కింద "ఇది నాన్న మార్చింది" అని రాసుకున్నాడు. నాకు చూపించాలని రాయలేదు, హోంవర్క్ కింద మర్చిపోయాడు. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

కొత్త ఇంజన్‌కు 13 పళ్ళ బెల్ ఎంచింది వాడే. టైర్లు 160వే. లెక్క చూస్తే మొదట్లో ఉన్నదానికన్నా ఆరు శాతమే ఎక్కువ. పక్క ట్రక్కు ఇప్పటికీ దాటిపోతుంది. మాది గడ్డిలో ఆగదు, చుక్క నీరు మూడు సెకన్లు నిలుస్తుంది.

క్షమించమని ఇంట్లో అడిగితే "పర్లేదు నాన్నా" అన్నాడు. అరిచింది ఇంట్లో కాదు కదా. మరుసటి శనివారం అదే మైదానంలో, ఆ రోజు విన్నవాళ్ళందరికీ, ఇంజన్ పాడుచేసింది నేనేనని చెప్పాను. రిమోట్ ఆ రోజంతా వాడి చేతిలోనే ఉంది.