పెద్దల మాట జవదాటని శాస్త్రం

తత్త్వశాస్త్ర శాఖవారికి సాష్టాంగ నమస్కారం. పెద్దలంటే మీకున్నంత భక్తి యూనివర్సిటీలో మరే శాఖకూ లేదు. పక్క బిల్డింగులో ఫిజిక్సు కుర్రాళ్ళు 1687 నాటి న్యూటన్ గ్రంథం అట్టైనా తిప్పకుండా ఎమ్మెస్సీ పట్టా పుచ్చుకుని పోతున్నారు. ఎంత కృతఘ్నత! మీ దగ్గర అలాంటి పప్పులుడకవు. ప్లేటో నుంచి కాంట్ దాకా, కపిలుడి నుంచి మధ్వుడి దాకా అందరి గుమ్మాలూ తొక్కితే గానీ విద్యార్థికి ఆలోచించే అర్హత రాదు. అన్నీ తొక్కేసరికి కోర్సే అయిపోతుంది కనుక ఆ ప్రమాదమూ లేదు.

మీ ప్రశ్నపత్రాల నేర్పు మరీ గొప్పది. “జగత్తు సత్యమా?” అని సూటిగా అడిగారనుకోండి, దిద్దేవారు ఏ ప్రమాణంతో దిద్దాలి? అందుకని “శంకరుల మాయావాదంపై రామానుజుల ఆక్షేపణలను వివరింపుము” అంటారు. రామానుజుల శ్రీభాష్యంలో ఆ ఆక్షేపణలు, అంటే అనుపపత్తులు, ఏడు. ఏడూ వరసగా రాసి, కింద స్కేలుతో గీత గీస్తే ఫస్టుక్లాసు. అవిద్యకు ఆశ్రయం బ్రహ్మమా, జీవుడా అన్న మొదటి ఆక్షేపణ నిజంగా తగిలిందా, గురి తప్పిందా అని తేల్చబోయినవాడికి మిగిలిన ఆరూ రాయడానికి టైం చాలదు. జవాబుల మీద ఏ ఇద్దరికీ పొత్తు కుదరదు గానీ, ఎవరేమన్నారో అందరూ ఒప్పుకుంటారు. మార్కులెయ్యాలంటే ఆ రెండోదే దిక్కని కనిపెట్టిన బుర్రకు ఏ బిరుదిచ్చినా తక్కువే. రామానుజులు మాత్రం శంకరుల్ని ఓడించాలని చదివారట. పాపం, ఆ రోజుల్లో సెమిస్టర్లు లేవు.

పోనీ చరిత్రే మీ ప్రాణం కదా, అందులోనూ మీ నిలకడను మెచ్చుకోవాలి. 14వ శతాబ్దంలో మాధవాచార్యులు సర్వదర్శనసంగ్రహంలో చార్వాకుల్ని అట్టడుగు మెట్టున కూర్చోబెట్టారు. మీరు వాళ్ళని ఇప్పటికీ లేవనివ్వలేదు. వాళ్ళ గ్రంథాలేవీ మిగల్లేదనీ, అప్పుచేసైనా నెయ్యి తాగమన్నారనీ ఒక పేజీలో తేల్చేస్తారు. ఈలోగా 1926లో గుజరాత్‌లోని పాటన్‌లో జయరాశి భట్టు రాసిన తత్త్వోపప్లవసింహం తాళపత్ర ప్రతి దొరికింది, 1940లో బరోడా నుంచి అచ్చయింది. ప్రత్యక్షాన్ని కూడా వదలకుండా ప్రమాణాలన్నిటినీ పడగొట్టిన గ్రంథమది. దాన్ని చార్వాకంలో చేర్చాలా వద్దా అని పండితులు వాదించుకుంటున్నారు కూడా. రాధాకృష్ణన్‌గారి భారతీయ తత్త్వశాస్త్ర గ్రంథం మొదటి సంపుటం 1923లో వచ్చేనాటికి ఆ తాళపత్రం బయటపడలేదు. మీ నోట్సుకు ఇప్పటికీ బయటపడలేదు.

1963లో ఎడ్మండ్ గెటియర్ అనే ఆయన ప్లేటోను ఫుట్‌నోట్లోకి నెట్టేసి, మూడే పేజీల్లో రెండు ఉదాహరణలు చెప్పి, జ్ఞానమంటే ఏమిటన్న పాత నిర్వచనాన్ని ఇరుకున పెట్టాడు. అంత తెగింపు మీకు నచ్చదనుకున్నాను. నచ్చింది! ఆయన్నీ సంవత్సరంతో సహా సిలబస్సులో ఎక్కించి, వరసలో చివర నిలబెట్టారు.

ఇక పరిశోధనల సంగతి చెప్పాలా? “శంకరులు, బ్రాడ్లీ: తులనాత్మక పరిశీలన.” జన్మలో ఎదురుపడని ఇద్దరికీ ఒకే అట్టలో పొత్తు కుదర్చడం సామాన్యమా! వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, కొత్తవాడు కాబోలు, “ఇద్దరిలో ఎవరిది సరైనదంటారు?” అని అడిగితే, అభ్యర్థి గైడుగారి మొహం చూస్తాడు. గైడుగారు చిరునవ్వుతో కాఫీ కప్పు కింద పెట్టి అందుకుంటారు: “అది థీసిస్ పరిధిలోకి రాదండీ.”