ఇంటిపట్టున దసరా: గృహస్థులకు కొన్ని సూచనలు

ముందుగా శరదృతువును గుర్తుపట్టాలి. ఇది అనుకున్నంత తేలిక కాదు. ఫోన్లో కనిపించే శరత్తు వేరు. అందులో చెట్లన్నీ ఎర్రబడి ఉంటాయి, గుమ్మం ముందు గుమ్మడికాయలు కూర్చుని ఉంటాయి, ఉన్ని స్వెట్టర్లు తొడుక్కున్న కుటుంబం యావత్తూ ఒకే రగ్గు కింద చేరి ఏదో వేడివేడిగా తాగుతూ నవ్వుతుంటుంది. అది చూసి మీరు బాల్కనీలోకెళ్లి ఎర్రాకు కోసం వెతక్కండి. మనకు ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఆశ్వయుజంలో మన చెట్లు వానకు తడిసి నవనవలాడుతుంటాయి. హైదరాబాదులోనైతే పొద్దున ఎండ మాడ్చేస్తుంది, సాయంత్రం నాలుగింటికల్లా మబ్బు పట్టి కాలనీ రోడ్డు కాలవైపోతుంది. స్వెట్టరు వేసుకుంటే చెమటకాయలు లేస్తాయి. గుమ్మడికాయ మన గుమ్మానికీ ఉంటుంది గానీ అది బూడిద గుమ్మడికాయ, పైన వేలాడుతుంది, వచ్చినవాళ్ల దిష్టి తగలకుండా.

కాబట్టి మన శరదృతువుకు నమ్మదగ్గ గుర్తు ఒక్కటే: బడివాళ్ల వాట్సాప్ గ్రూపులో సెలవుల సర్క్యులర్. 2025లో తెలంగాణ బడులకు సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 దాకా, మొత్తం 13 రోజులు ఇచ్చారు. ఊళ్లకు వెళ్లేవాళ్లు వెళ్లారు. ఈ సూచనలు వాళ్లకు కాదు. పిల్లాపాపలతో ఇంటిపట్టున ఉండి, ఇల్లు బాగుచేసుకుంటూ, చేతిపనులు చేసుకుంటూ హాయిగా గడపాలని నిశ్చయించుకున్న గృహస్థులకు. అన్నీ నేను స్వయంగా ఆచరించి చూసినవే.

పని మొదలుపెట్టే ముందు జాబితా రాయండి. ఇందుకు కొత్త నోటుబుక్కు, కొత్త పెన్ను అవసరం. అవి కొనడానికి ఒక పూట పడుతుంది, పట్టనివ్వండి. నేను 11 పనులు రాశాను. అటక దులపడం, పడగ్గది గోడకు రంగు, బాల్కనీ గ్రిల్లుకు రెడాక్సైడు, బొమ్మల పెట్టె తీసి విరిగినవి అతికించడం, పిల్లలకు మన ఆటలు నేర్పడం, ఇలా. ఒక్కో పని పక్కన చిన్న గడి గీశాను, అయ్యాక టిక్కు పెట్టడానికి. జాబితా పూర్తయ్యేసరికి ఎంత అలసట వచ్చిందంటే ఆ మధ్యాహ్నం పడుకోక తప్పలేదు. జాబితాలో వంట రాయకండి. పిండివంటలు, అటక దులిపాక ఇల్లు కడగడం, వచ్చేపోయే చుట్టాలకు కాఫీలు, ఇవేవీ రాయనక్కర్లేదు. నాకైతే అవి పనులని తోచనే లేదు.

తర్వాత అటక. స్టూలు మీరెక్కండి, స్టూలు పట్టుకోవడానికి ఇంట్లో ఇంకొకరిని నిలబెట్టండి. ఆ ఇంకొకరికి పొయ్యి మీద పాలున్నా సరే. పైనుంచి ఒక్కో వస్తువూ దించుతూ దాని చరిత్ర చెప్పాలి. ఇత్తడి గుండిగ ఎవరి పెళ్లిలో ఇచ్చింది, పాడైపోయిన మిక్సీ ఎందుకు పారేయలేదు, ఈ కేసెట్లలో ఉన్నదేమిటి. అటక దులపడంలో సూత్రం ఏమిటంటే దించినవాటిలో ఏ ఒక్కటీ పారేయకూడదు. దుమ్ము మాత్రం కిందికి రావాలి, సామాను తిరిగి పైకెక్కాలి.

అక్కడే బొమ్మల అట్టపెట్టె దొరికింది. ఒక్కో బొమ్మకూ పాత పేపరు చుట్టి ఉంది. ఏనుగుకు చుట్టిన పేపరు విప్పితే 2014 అక్టోబరుది. విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడిన మర్నాటి వార్తలు. అక్టోబరు 12న తీరం దాటిన ఆ తుపాను ఊళ్లో చెట్లను ఎట్లా ఊడ్చేసిందో స్టూలు మీదే నిలబడి మొదటి పేజీ అంతా చదివాను, మడత తిప్పి లోపలి పేజీ కూడా. ఇలాంటి పఠనం అటక మీద తప్ప కుదరదు. కిందినుంచి మా ఆవిడ, "పేపరు కిందికి దిగి చదవొచ్చు కదా, నా చేతులు గుంజుతున్నయ్" అంది. పాలు అప్పటికే పొంగిపోయాయి.

ఇక రంగు. ఇది మొత్తం కార్యక్రమానికి గుండెకాయ, కనుక కొంచెం నిదానంగా చెబుతాను. ముహూర్తం చాలా ముఖ్యం. వానాకాలమంతా నీళ్లు తాగి ఉన్న గోడను, ఇంకా వానలు పూర్తిగా తగ్గకముందే పట్టుకోవాలి. జనవరిలోనో ఫిబ్రవరిలోనో గోడ పొడిగా ఉంటుంది, రంగు చక్కగా పడుతుంది, మీకు మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. సెప్టెంబరు చివరి వారమైతే గోడ లోపల తేమ పుష్కలం. పైన మీరు లప్పం పెట్టి, ప్రైమరు వేసి, రెండు కోట్లు ఎమల్షన్ దట్టిస్తే తేమకు బయటికొచ్చే దారి మూసుకుపోతుంది. అది ఊరుకోదు, పొరను ఉబ్బించి, పెచ్చులూడగొట్టుకుని వస్తుంది.

మా తాతగారు తెనాలిలో ఏటా పండక్కి సున్నం వేయించేవారు. ముందురోజు రాత్రి తొట్టిలో కాల్చిన సున్నపురాయి వేసి నీళ్లు పోస్తే అది కుతకుతా ఉడికేది. మమ్మల్ని పది అడుగుల దూరంలో నిలబెట్టేవారు. పొద్దున దాన్ని గోనెపట్టాలో వడకట్టి, చిటికెడు నీలిమందు కలిపి, కుంచెతో పూసేవారు. తడిగా ఉన్నప్పుడు గోడ మీద ఏమీ కనబడదు, మోసపోయామనిపిస్తుంది. ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. ఆ సున్నంలోంచి గోడ తేమను వదిలేది, పెచ్చు లేచేది కాదు. కాకపోతే వీపు ఆనిస్తే చొక్కాకు అంటేది. చొక్కాకు అంటకూడదని మనం ప్లాస్టిక్ రంగులకు మారాం. అభివృద్ధి అన్నమాట.

రంగు ఎంపికకు షేడు కార్డు తెచ్చి కుటుంబాన్నంతా కూర్చోబెట్టండి. కుటుంబ సభ్యులు మనసువిప్పి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. మా ఇంట్లో మూడు రోజులు మాట్లాడుకున్నాం. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి లేత ఊదా అంది. అయిదో తరగతివాడు నలుపు అన్నాడు. మా ఆవిడ, ఉన్న రంగుకేమైంది అంది. ఆఖరికి ఎవరికీ నచ్చని మీగడ రంగు తెచ్చాను. దీన్నే ఏకాభిప్రాయం అంటారు.

మంచం, బీరువా హాల్లోకి జరిపాను. గోడ గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, లప్పం పెట్టాను. మూడు గంటల్లో ఆరుతుందన్నాడు కొట్టువాడు. సాయంత్రం వాన మొదలై మూడు రోజులు పడింది. లప్పం మీద వేలు పెడితే వేలిముద్ర పడుతోంది. మేం నలుగురం హాల్లో, బీరువాకూ టీవీకీ మధ్య, ఒకే దుప్పటి మీద పడుకున్నాం. ఫోన్లో చూసిన రగ్గు కింది కుటుంబం గుర్తొచ్చింది. వాళ్ల ఇంట్లో కూడా లప్పం ఆరలేదేమో.

గోడ ఆరేలోగా చేతిపని చేసుకోవచ్చు. పెట్టెలోని ఏనుగు కొండపల్లి అంబారీ ఏనుగు. మావటీ ఉన్నాడు, రాజుగారూ ఉన్నారు, తొండం మాత్రం విరిగి పేపరు మడతలో వేరుగా ఉంది. కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి కర్రతో చెక్కుతారు. ఎండబెట్టిన ఆ కర్ర ఎంత తేలికంటే అరచేతిలో పెట్టుకున్నా ఉన్నట్టుండదు. కాళ్లు, చేతులు, తొండం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ కళాకారులు తరతరాలుగా ఇదే పద్ధతి పాటిస్తున్నారు. మీరు మాత్రం పాటించవద్దు. చిటికెలో అతుక్కునే జిగురు అయిదు రూపాయలకు దొరుకుతుంది. నేను అదే వాడాను. మొదట నా చూపుడువేలు, బొటనవేలు అతుక్కున్నాయి. తర్వాత బొటనవేలు, ఏనుగు. వేడినీళ్లలో అరగంట ముంచి విడదీసుకున్నాక చూస్తే, తొండం అతుక్కునే ఉంది. తలకిందులుగా.

మా అమ్మాయి చూసి, "నాన్నా, అది ఎటు చూస్తోంది?" అంది. తొండం పైకెత్తి దీవిస్తున్న ఏనుగు ఇంట్లో ఉంటే ఐశ్వర్యం అని చెప్పాను. ఇంటి మరమ్మతుల్లో పనితనం కన్నా ఈ మాట పనితనం అవసరం, దీన్ని ముందే సాధన చేసి ఉంచుకోండి.

కొలువు పెట్టాలా వద్దా అని ఇంకో చర్చ. మా వైపు బొమ్మల కొలువు సంక్రాంతికే ఎక్కువ. మా ఆవిడది హనుమకొండ, వాళ్లింట దసరా అంటే బతుకమ్మే. రాయలసీమ నుంచి వచ్చిన పక్క ఫ్లాటువాళ్లు నవరాత్రులకే మెట్లు కట్టారు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, మూడో అయిదో ఏడో. నేను ట్రంకుపెట్టె, దాని మీద సూట్‌కేసు, దాని మీద ఎంసెట్ కాలం నాటి పుస్తకాలు పేర్చి తెల్లపంచె కప్పాను. లెక్క పెడితే నాలుగు మెట్లొచ్చాయి. ఒకటి తీసేస్తే అయిపోయేది. కింది మెట్టు తీశాను.

కూలిన బొమ్మలు ఏరుకుంటుండగా అత్తమ్మ హనుమకొండ నుంచి బస్సు దిగి వచ్చింది.

చేతిలో తడిగుడ్డ చుట్టిన పెద్ద మూట. అందులో తంగేడు, గునుగు. గునుగు కలుపు మొక్క, చేలగట్ల మీద దానంతట అదే మొలుస్తుంది, ఎవరూ నీళ్లు పోయరు. హాల్లో మంచానికీ బీరువాకూ మధ్య ఉన్న జాగా చూసి, ఏమీ అనకుండా గోడవారగా కూర్చుంది. అల్లుడి మీద మాట తూలకూడదన్న మర్యాద ఆమెకు ఇంకా ఉంది. కాసేపటికి మా ఆవిడ వైపు తిరిగి, నాకు వినబడేట్టు అడిగింది: "ఆ తెల్లబకెట్ ఖాళీనేనా? ఖాళీ అయితే ఇయ్యుండ్రి, పువ్వు పెట్టుకుంట."

లప్పం బకెట్. కడిగి ఇచ్చాను. ఆ 13 రోజుల్లో నేను చేసిన పనుల్లో అక్కరకొచ్చిన మొదటిది అదే.

తర్వాత ఆమె చేసింది చూడదగ్గది, ఇక్కడ సూచనలేమీ ఇవ్వను. గునుగు పూలను ఒక్కో గుప్పెడు తీసుకుని, తలలు నేల మీద తట్టి సమం చేసి, కాడలను ఒకే కొలతకు తెంపి, దారంతో ముడేసింది. కొన్ని కట్టల కొసలను రంగునీళ్లలో ముంచింది, కొన్నింటిని తెల్లగానే ఉంచింది. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, అంచు చుట్టూ తంగేడు, దాని మీద గునుగు వరస, పైన బంతి, మళ్లీ గునుగు. వరస వరసకూ చుట్టు తగ్గించుకుంటూ వచ్చింది. మధ్య బోలుగా ఉంటే కూలిపోతుందని తెంపిన కాడలూ ఆకులూ లోపల కూరింది, ఒక్క తుంట వృథా పోలేదు. మా వాడు బంతిపూలు అందించాడు, అమ్మాయి దారం కత్తిరించింది. వాళ్లను రమ్మని ఎవరూ పిలవలేదు. కుటుంబంతో గడపడం అని నేను జాబితాలో తొమ్మిదో పనిగా రాసుకున్నాను, గడి ఖాళీగా ఉంది. మూడు గంటలకు మొదలైంది, దీపాలవేళకు రెండడుగుల సద్దుల బతుకమ్మ లేచి నిలబడింది. కొసన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. మధ్యలో రెండుసార్లు లేచి పొయ్యి మీద నువ్వుల సద్ది, పెరుగు సద్ది చూసుకుని వచ్చింది. నోటుబుక్కు అడగలేదు.

మిగిలిన సూచనలు త్వరగా ముగిస్తాను. మర్నాడు మహర్నవమికి పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి ఆయుధపూజలో ఉంచండి. డ్రిల్లు మిషను, కుంచె, లప్పం పట్టీ, సుత్తి. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టుకోరు, కనుక గోడ సంగతి ఎవరూ అడగలేరు. పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టు మీద ఒక్క ఏడాదే దాచారు. మన అటకలు అంతకంటే భద్రం. దసరానాడు జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకోండి, ఆ రోజు ఎవరూ ఎవర్నీ తిట్టరు. మేకమాంసం ఆశ పెట్టుకునేవాళ్లు క్యాలెండరు చూసుకోవడం మంచిది. 2025లో దసరా అక్టోబరు 2నే వచ్చింది, గాంధీ జయంతి కావడంతో మాంసం దుకాణాలు, మందు దుకాణాలు మూసేశారు. తెలంగాణలో చాలా ఇళ్లు ముందురోజు రాత్రే ఫ్రిజ్ నింపుకున్నాయి.

పిల్లలకు మన ఆటలు నేర్పడం కూడా అయింది, నా వల్ల కాదు. అత్తమ్మ నేల మీద సుద్దముక్కతో అష్టాచమ్మా గళ్లు గీసి, నాలుగు చింతగింజలను బండ మీద ఒకవైపు అరగదీసి పాచికలు చేసింది. మూడు రోజులు నలుగురూ ఆడారు. నేను లేను, లప్పం మీద వేలు పెట్టి చూస్తున్నాను.

బడులు తెరిచాక ఒక ఆదివారం పెయింటరును పిలిపించాను. గోడ మీద చెయ్యి వేసి చూసి, "సంక్రాంతి తర్వాత పిలవండి సార్" అని వెళ్లిపోయాడు. మంచం తిరిగి లోపలికి జరిపాం. గోడ సగం పాత రంగు, సగం లప్పం. నోటుబుక్కులో 11 గడులకు గాను ఒక్క టిక్కు ఉంది, అటకకు. తొండం ఇంకా పైకే ఉంది. బకెట్ మాత్రం మా ఇంట్లో లేదు. గట్టిగా ఉంది, వచ్చే ఏడు పూలకు పనికొస్తుందని అత్తమ్మ హనుమకొండ తీసుకెళ్లింది.