శుభం కార్డు ఎక్కడ?

మా రోజుల్లో సినిమా అయిపోయేది. అయిపోయిందని తెర మీద శుభం కార్డు వేసి మరీ చెప్పేవాళ్లు. జనం లేచి, కథ గురించి వాదించుకుంటూ ఇళ్లకు పోయేవాళ్లు. ఇప్పటి సూపర్‌హీరో సినిమాలకు ఆ భాగ్యం లేదు. పేర్లు పడుతున్నంతసేపూ హాల్లో ఎవరూ కదలరు. ఆ పేర్లలో ఒక్కటీ చదవరు, ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. చిట్టచివర అర నిమిషం ముక్క ఒకటి వస్తుంది, అందులో వచ్చే ఏడాది సినిమా తాలూకు కొత్త మొహం కనపడుతుంది, దానికి ఈలలు. రెండున్నర గంటలు చూపించిన కథంతా ఆ అర నిమిషానికి ఉపోద్ఘాతమా? ఈ పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కథను ముగించడం అంటే ఏమిటో తెలియాలంటే ‘ది డార్క్ నైట్ రైజెస్’ చూడాలి. క్రిస్టఫర్ నోలన్ తీసిన మూడు బ్యాట్‌మాన్ సినిమాల్లో ఆఖరిది. మొదటిది 2005లో, రెండోది 2008లో, ఇది 2012 జులైలో వచ్చాయి. 2012 కూడా మీ రోజులేనా అని ఇంట్లో పిల్లలు అడుగుతుంటారు. ముమ్మాటికీ మా రోజులే. సినిమా తీసేవాడు తన కథకు తనే యజమానిగా ఉన్న రోజులన్నీ మా రోజులే.

మూడో సినిమా తీయడం ఎంత కష్టమో పాత ప్రేక్షకులకు తెలుసు. క్రిస్టఫర్ రీవ్ సూపర్‌మాన్‌గా 1978లో ఎగిరితే ప్రపంచమంతా నోరెళ్లబెట్టి చూసింది. 1983లో మూడోది వచ్చేసరికి హాస్యం పాలు ఎక్కువై కథ చతికిలపడింది. ఎక్స్‌మెన్ మూడోది 2006లో దర్శకుడు మారి తేలిపోయింది. 2007లో స్పైడర్‌మాన్ మూడో సినిమాలో విలన్లను ముగ్గురిని కుక్కితే ఒక్కడికీ ఊపిరాడలేదు. నోలన్ ముందు అంతకంటే పెద్ద కష్టం ఉంది. రెండో సినిమాలో విలన్ జోకర్‌గా వేసిన హీత్ లెడ్జర్ ఆ సినిమా విడుదలకు ముందే, 2008 జనవరిలో చనిపోయాడు. పోయాక ఆస్కార్ వచ్చింది. మూడో సినిమాలో జోకర్ ఎలా వస్తాడా అని లోకమంతా ఎదురుచూస్తుంటే నోలన్ అతని పేరే ఎత్తలేదు. రెండు ముప్పావు గంటల సినిమాలో ఒక్క ప్రస్తావన లేదు. చనిపోయిన నటుడికి ఇచ్చే మర్యాద అది. మరి 2023లో వచ్చిన ‘ది ఫ్లాష్’లో ఏం చేశారు? 2004లో కన్నుమూసిన ఆ క్రిస్టఫర్ రీవ్ మొహాన్నే కంప్యూటర్‌లో చేసి తెర మీద నిలబెట్టారు. చనిపోయిన మనిషి ఒప్పుకుంటాడో లేదో ఎవరిని అడిగారు? నాకైతే ఆ దృశ్యం చూసి కడుపులో దేవినట్టయింది.

ఇక పనితనం సంగతి. పిట్స్‌బర్గ్‌లో అప్పట్లో హైన్జ్ ఫీల్డ్ అని పిలిచిన స్టేడియం ఉంది. నోలన్ సినిమాలో మైదానం కూలే దృశ్యం అక్కడే తీశారు. కథలో చలికాలం, షూటింగు జరిగింది 2011 ఆగస్టులో. వేలమంది జనాన్ని పిలిచి, మండుటెండలో కోట్లూ మఫ్లర్లూ వేయించి కూర్చోబెట్టారు. పరుగెత్తే ఆటగాడు హైన్స్ వార్డ్, ఆ ఊరి జట్టు స్టీలర్స్‌లో నిజంగానే ఆడేవాడు. బంతి పట్టుకుని అతను ఒక్క ఊపున పరుగెడుతుంటే వెనకాల మైదానం కుంగిపోతూ ఉంటుంది. అతను గీత దాటి వెనక్కి తిరిగి చూస్తే తన జట్టు లేదు. కుంగడానికి కంప్యూటర్ సాయం ఉంది, లేదనను. కానీ ఆ జనం నిజం, ఆ పరుగు నిజం, కాబట్టే ఆ గొయ్యి కూడా నిజమనిపిస్తుంది. మొదట్లో వచ్చే విమానం దృశ్యాన్ని స్కాట్లండ్ కొండల మీద అసలు విమానాలతోనే, గాల్లో మనుషులను వేలాడదీసి తీశారు. ఇప్పుడో? నాలుగు పచ్చ గోడల మధ్య నటుణ్ని నిలబెట్టి, ఎదురుగా ఎవరున్నారో కూడా చెప్పకుండా కళ్లు పెద్దవి చేయమంటున్నారు. ఆ కళ్లలో భయం ఎక్కణ్నుంచి వస్తుంది?

పాతాళ కారాగారం దృశ్యాలు చూడండి. విలన్ బేన్ చేతిలో వెన్ను విరిగిన బ్రూస్ వేన్‌ను, అంటే బ్యాట్‌మాన్‌ను, ఒక బావిలాంటి జైల్లో పడేస్తారు. పైన గుండ్రంగా ఆకాశం కనపడుతూనే ఉంటుంది, అదే అక్కడి శిక్ష. పక్కకు జరిగిన వెన్నెముక ఎముకను తోటి ఖైదీ పిడికిలితో గుద్ది లోపలికి నెడతాడు. బ్రూస్ నడుముకు తాడు కట్టుకుని ఎక్కుతాడు, పడతాడు. మళ్లీ ఎక్కుతాడు, మళ్లీ పడతాడు. చావంటే భయం లేకపోవడమే నీ బలహీనత, భయం ఉంటేనే కాళ్లకు ఆ దూకుడు వస్తుంది అని చూపులేని ముసలి ఖైదీ చెప్తాడు. అప్పుడు తాడు వదిలేసి ఎక్కుతాడు. కింద ఖైదీలంతా ఒకే మాటను లయగా అరుస్తుంటారు. ఆ అరుపు కోసం సంగీతకారుడు హాన్స్ జిమ్మర్ ప్రపంచం నలుమూలల నుంచీ మామూలు మనుషుల గొంతులు తెప్పించుకున్నాడు. దూకాల్సిన గట్టు మీద కాలు పెట్టగానే గోడలోంచి గబ్బిలాలు గుంపుగా లేస్తాయి. మొదటి సినిమాలో చిన్నపిల్లాడిగా బావిలో పడ్డప్పుడు అతన్ని వణికించినవి గబ్బిలాలే. ఏడేళ్లు ఆగి ఆ ముడిని అక్కడ విప్పారు. దూకి పైకొచ్చాక అతను తన దారిన తాను పోడు, మిగతా ఖైదీల కోసం తాడు కిందికి వదిలి పోతాడు. ఆ పై దృశ్యం తీసింది మన రాజస్థాన్‌లో, జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోట దగ్గర. వెనకాల ఆ కోట గోడలు చూసి హాల్లో మనవాళ్లు గుర్తుపట్టి కేక వేసిన సంగతి నాకింకా జ్ఞాపకం.

ఆ సినిమాలో 70 నిమిషాలకు పైగా ఐమాక్స్ కెమెరాతో, ఫిల్మ్ మీద తీశారు. అంతకుముందు సినిమాలో అది 28 నిమిషాలే. త్రీడీ హడావిడి జోరుగా ఉన్న రోజుల్లో నోలన్ దాని జోలికి పోలేదు. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు పక్కన ప్రసాద్స్‌లో 2003 నుంచీ ఐమాక్స్ వాళ్ల పెద్ద తెర ఉండేది. ఆ తెర ముందు కూర్చుంటే కథ జరిగే గోథమ్ నగరం మెడ తిప్పి చూడాల్సినంత ఉండేది. తర్వాత కొన్నేళ్లకు అక్కణ్నుంచి ఐమాక్స్ పేరు పోయింది. ఊరు ఇంత పెరిగింది, మాల్ పక్కన మాల్ లేచింది, అయినా ఆ ఒక్కటి నిలబెట్టుకోలేకపోయామే అని నాకు నిజంగా బాధ. ఇప్పటి కుర్రాళ్లు ఆ సినిమాను ఫోన్‌లో చూసి ఏముంది అందులో అంటారు. అరచేతి వెడల్పు అద్దంలో ఏముంటుంది మరి?

లోపాలు లేవని నేను అనను. బేన్ ముసుగులోంచి మాట్లాడితే సగం మాటలు మింగేసినట్టే ఉంటుంది. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో పట్టపగలు దోపిడీ మొదలవుతుంది, బళ్లు వెంటాడుకుంటూ సొరంగం దాటేసరికి చీకటి పడిపోతుంది. దారులన్నీ మూసేసిన నగరంలోకి బ్రూస్ చిల్లిగవ్వ లేకుండా ఎలా వచ్చాడో చెప్పనే చెప్పరు. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. అయినా ఆఖరి పావుగంట చూశాక వాటిలో ఏదీ నాకు పట్టలేదు. నగరాన్ని పేల్చేసే బాంబును సముద్రం మీదికి తీసుకుపోయే ముందు, తమను కాపాడిన హీరో ఎవరో జనానికి తెలియొద్దా అని పోలీసు కమిషనర్ గోర్డన్ అడుగుతాడు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లాడి భుజాల మీద కోటు కప్పిన మనిషి కూడా హీరోయే అని బ్యాట్‌మాన్ జవాబిస్తాడు. మొదటి సినిమాలో ఆ కోటు కప్పింది గోర్డనే. గోర్డన్ వేసిన గ్యారీ ఓల్డ్‌మన్ మొహంలో అది తెలిసొచ్చే క్షణం చూడండి. మూడు సినిమాలూ చూసినవాళ్ల కోసం దాచి ఉంచిన క్షణం అది. ఆ మూడూ చూస్తే చాలు. 2019లో వచ్చిన ‘అవెంజర్స్ ఎండ్‌గేమ్’ తన వరుసలో 22వ సినిమా. అది అర్థం కావాలంటే ముందు ఎన్ని చూడాలో పిల్లలు కాగితం మీద రాసుకోవాల్సి వచ్చింది.

పోనీ అందులోనైనా ముగింపును ముగింపుగా ఉంచారా? ఐరన్‌మాన్ చచ్చిపోయాడని లోకమంతటి చేతా కన్నీళ్లు పెట్టించారు. 2024లో ఆ ఐరన్‌మాన్ వేసిన రాబర్ట్ డౌనీనే విలన్ వేషంలో మళ్లీ తెస్తున్నామని ప్రకటించారు. ఇంకోటి నాకు మరీ కష్టంగా ఉంటుంది. 2017లో ‘లోగన్’ వచ్చింది, హ్యూ జాక్‌మన్ వుల్వరిన్ కథల్లో మూడోది. ముసలివాడై, జబ్బుపడి, ఒక పిల్లను కాపాడి పోతాడు. సమాధి మీద పెట్టిన శిలువను ఆ పిల్ల పీకి, ఎక్స్ గుర్తులా ఏటవాలుగా నిలిపి వెళ్తుంది. అంత గొప్ప వీడ్కోలు. 2024లో కొత్త సినిమా మొదట్లోనే ఆ సమాధి తవ్వి, ఎముకలు బయటికి లాగి, వాటితోనే మనుషులను కొట్టించి పాటకు డాన్సు కట్టారు. హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, చావుకైనా విలువ ఉండొద్దా అనిపించింది.

మనవాళ్లకూ ఈ జబ్బు అంటుకుంది. ‘హనుమాన్’ ఎంత ముచ్చటగా తీశారు, మన ఊరి వాసనతో మన సూపర్‌హీరో! దాని చివర్లో కూడా తర్వాతి సినిమా ప్రకటనే. ‘కల్కి’ సగంలో ఆపారు, ‘దేవర’ సగంలో ఆపారు. టిక్కెట్టు మాత్రం సగం ధరకు ఇవ్వలేదు.

నోలన్‌కు డబ్బు ఆశ చూపించలేదా? ఆ సినిమా వంద కోట్ల డాలర్లు దాటింది. నాలుగోది తీద్దామని అడిగారని, మూడుతో ఆపాలన్న నోలన్ మాటకు కట్టుబడి వద్దన్నామని బ్యాట్‌మాన్ వేసిన క్రిస్టియన్ బేల్ తర్వాత చెప్పాడు. కథలో తలుపు తెరిచే ఉంది. జాన్ బ్లేక్ అనే కుర్ర పోలీసు బ్యాట్‌మాన్ గుహలో అడుగు పెడతాడు, కాళ్ల కింద నేల పైకి లేస్తుంది. ఈ రోజుల్లో అయితే అతని మీద రెండు సినిమాలూ ఒక సీరీసూ తీసేవాళ్లు. బ్యాట్‌మాన్ వేషాలు తర్వాత వేరేవాళ్లు కట్టారు, కట్టనివ్వండి. ఈ కథను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

నాలుగోది ఉంటే బాగుండేది తాతయ్యా అని మా మనవడు ఇప్పటికీ నాతో వాదిస్తాడు. వాడికి నేను బ్రూస్‌ను పెంచిన నౌకరు ఆల్‌ఫ్రెడ్‌ను గుర్తుచేస్తాను. ఫ్లోరెన్స్‌లో నది ఒడ్డు హోటల్లో కూర్చుని, ఎదురు బల్ల దగ్గర బ్రూస్ ఎవరితోనో సుఖంగా ఉండటం చూడాలన్నది ఆ ముసలాయన కోరిక. ఆఖరికి చూస్తాడు, తలూపుతాడు, ఒక్క మాటైనా మాట్లాడకుండా లేచి పోతాడు. నాలుగో సినిమా తీయాలంటే అరిగిపోయిన మోకాళ్లతో బ్రూస్‌ను ఆ కుర్చీలోంచి లేపి మళ్లీ ముసుగు తొడగాలి. అలాంటి సినిమాకు నేను టిక్కెట్టు కొనను.