ఉయ్యాలలో పింఛను

చిట్టితల్లీ, కాస్సేపాగి ఏడుద్దువుగాని. ముందు నీ ఆస్తిపాస్తుల లెక్క చూద్దాం.

2024 సెప్టెంబరులో కేంద్రం నీలాంటి వాళ్ల కోసం ఎన్‌పీఎస్ వాత్సల్య తెచ్చింది. పళ్లు రాకముందే, పళ్లు ఊడే వయసుకి పింఛను. మీ నాన్న ఏటా 10,000 చొప్పున 18 ఏళ్లు కడితే, పది శాతం రాబడి మీద అప్పటికి 5 లక్షలవుతాయట. అలాగే ఉంచేస్తే అరవయ్యో ఏట 2.75 కోట్లు. రాబడి 12.86 శాతం వస్తే ఏకంగా 11.05 కోట్లు! అరవై ఏళ్ల ముందుచూపులో దశాంశాలు కూడా కనబడ్డాయి చూశావా? అప్పటికి కిలో కందిపప్పు ఎంతో మాత్రం కనబడలేదు. ఇంతకీ ఇందులో సర్కారు వేసేదెంత అంటావా? వాత్సల్యం. రొక్కం మీ నాన్నది.

ఆడపిల్లవి గనక సుకన్య సమృద్ధి కూడా ఉంది. వెటకారం పక్కన పెడితే మంచి పథకమే. 2024లో వడ్డీ 8.2 శాతం చేశారు, దాని మీద పన్ను లేదు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠం లక్షన్నర. కూలికెళ్లే తల్లి 250 కడుతుంది, కారులో వచ్చిన తల్లి లక్షన్నర కడుతుంది. ఇద్దరు పిల్లలకీ వడ్డీ శాతం ఒక్కటే. సమానత్వానికి అంతకంటే ఏం కావాలి?

సర్కారే తన జేబులోంచి తీసి వేస్తానన్న రోజూ ఒకటుంది తల్లీ. 2013లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి హయాంలో, బంగారు తల్లి పథకం. పేదింట ఆడపిల్ల పుడితే 2,500. ఆ తర్వాత టీకాలకి, అంగన్‌వాడీకి, బడికి ఏటా ఇంత. 21 ఏళ్లు నిండాక, ఇంటర్‌తో ఆపితే 50,000, డిగ్రీ చేస్తే లక్ష. పథకాలు వస్తాయి పోతాయి కాబట్టి, ఇది పోకూడదని అసెంబ్లీలో ఏకంగా చట్టమే చేశారు.

పథకం పోలేదు. రాష్ట్రమే పోయింది.

2014లో విభజన జరిగింది. విభజన చట్టంలోని తొమ్మిదో షెడ్యూలు సంస్థలు నావంటే నావని, పదో షెడ్యూలు ఆస్తులు మావంటే మావని రెండు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నాయి, కోర్టులకెక్కాయి. 2013లో పుట్టిన మీ పెద్దక్కకి 2034లో ఇవ్వాల్సిన ఆ లక్ష బాకీ మాత్రం మాదంటే మాదని ఒక్కరూ కొట్టుకోలేదు.