హెచ్‌డీఎంఐ అల్లుడు

పెళ్ళైన మగవాడికి భార్య తరఫున వచ్చే చుట్టాల్లో తోడల్లుడంత చిక్కు మనిషి ఇంకొకడు ఉండడు. అన్న కాదు, తమ్ముడు కాదు, స్నేహితుడు అసలే కాదు. అయినా ప్రతి పండక్కీ పక్కపక్కనే కూర్చుని ఒకే అత్తగారు వడ్డించిన గారెలు తినాలి. ఎవరి విస్తట్లో ఎన్ని పడ్డాయో చూడనట్టు నటించాలి.

మా తోడల్లుడు పెద్దల్లుడు. హైదరాబాదులో సహకార బ్యాంకు ఉద్యోగం. మా అత్తవారి ఊరు తణుకులో మాత్రం ఆయన బ్యాంకు సంగతి ఎవరికీ పట్టదు. ఆ వీధిలో ఆయన ‘టీవీ అల్లుడుగారు’. ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. గుర్తుపట్టడం తేలిక. ఊరినుంచి దిగుతాడు, సంచి కింద పెడతాడు, కాళ్ళు కడుక్కోకముందే టీవీ వెనక్కి తొంగిచూస్తాడు. అక్కడ ఖాళీ రంధ్రం ఏదైనా కనిపించిందా, ఇక ఆ పండగ ఆయనదే.

ఆయన రిపేర్లు చేస్తాడనుకునేరు. పాడైపోయిన వస్తువంటే ఆయనకు బొత్తిగా గిట్టదు. శుభ్రంగా పనిచేస్తున్నదానికి ఇంకొకటి తగిలించడమే ఆయన సరదా. తగిలించినదాన్ని ఊడదీయడం ఆయన శాస్త్రంలో మహాపాపం. పాత డబ్బా తీసేద్దామా అని ఎవరైనా అంటే నొచ్చుకుంటాడు. “ఉండనివ్వండి మామగారూ, ఎందుకైనా పనికొస్తుంది” అంటాడు.

ఆ ధర్మం ఎంత చక్కగా సాగిందో చూడాలంటే మామగారి డాబా ఎక్కాలి. 1987లో ఆదివారం పొద్దుటి రామాయణం కోసం మామగారు నిలబెట్టిన జీఐ పైపు ఇంకా అలాగే ఉంది. దాని మీద ఏంటెనా ఊచలు రెండో మూడో మిగిలాయి, వాటిమీద కాకులు వాలుతుంటాయి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చినప్పుడు లాగిన కేబుల్ తీగ పిట్టగోడ మీంచి నల్లగా వేలాడుతూ ఉంటుంది. డీటీహెచ్‌లు వచ్చాక కొన్న డిష్ ఆ పాత పైపుకే క్లాంపులతో బిగించి ఉంది. నిన్నగాక మొన్న వచ్చిన ఫైబర్ తీగ దాని నడుముకి చుట్టుకుంది. మా అత్తగారు ఈ మొత్తం సంపదకి తాడు కట్టి బట్టలు ఆరేసుకుంటారు. ఆ ఇంట్లో టీవీ సరంజామాని ఒక్క క్షణం కూడా వృథా పోనివ్వనిది ఆవిడే.

డాబా మీద నిలబడ్డప్పుడు మా తోడల్లుడి జ్ఞానానికి హద్దు ఉండదు. చుట్టుపక్కల డిష్‌లు ఎటు తిరిగి ఉన్నాయో చూసి ఏ ఇంట్లో ఏ కంపెనీ కనెక్షనో చెప్పేస్తాడు. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహమైతే తణుకు వాళ్ళకి దాదాపు నేరుగా దక్షిణాన, బాగా ఎత్తులో ఉంటుందట. 95 డిగ్రీలదైతే ఆగ్నేయం. 108 డిగ్రీలదైతే ఇంకా తూర్పుకి వాలుతుంది. ఇదంతా విన్న మామగారు ఓసారి అనుమానంగా అడిగారు.

“ఆగ్నేయం వంటింటికి మంచిది గానీ, టీవీకి పర్లేదంటావా బాబూ?”

“ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తులో వాస్తు ఉండదండీ మామగారూ.”

మామగారు ఊరుకున్నారు గానీ నమ్మలేదు.

ఫైర్ టీవీ స్టిక్ 2017లో 3,999 రూపాయలకి మన దేశంలోకి వచ్చినప్పుడే ఆయన తన ఇంటికి ఒకటి కొనుక్కున్నాడు. అత్తవారింటికి తేవడానికి అక్కడ నెట్ లేదు. ఆ బెంగతో కొన్ని సంక్రాంతులు దిగాలుగా గడిపాడు. ఫైబర్ కనెక్షన్ పెట్టించారని తెలిసిన మరుసటి పండక్కి, అరిసెల డబ్బా కోసం తెచ్చిన ఖాళీ సంచిలోంచి చిన్న అట్టపెట్టె బయటికి తీశాడు.

“మీరేం కదలకండి మామగారూ. ఐదు నిమిషాలు.”

అప్పటికి మామగారి టీవీ నిక్షేపంలా ఉంది. పొద్దున్నే ఎస్వీబీసీలో సుప్రభాతం, మధ్యాహ్నం వార్తలు, రాత్రి అత్తగారి సీరియళ్ళు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనకి అడిగేవాళ్ళతో పని లేదు.

గోడకి అంటుకుని ఉన్న టీవీని ముందుకు జరిపాం. వెనక ఏళ్ళనాటి బూజు. “తమ్ముడూ, కాస్త టార్చి పట్టుకో” అన్నాడు. ఆ ఇంట్లో నా హోదా అది. ఆయన పెద్దల్లుడు, ఇంజనీరు, గురువు. నేను టార్చి. ఫోన్ లైటు పట్టుకుని వంగి నిలబడితే, నా మెడ మీదుగా చెయ్యి పోనిచ్చి రంధ్రాలు తడుముతాడు. పక్కనే టీవీలో యూఎస్‌బీ ఉంది కదా, కరెంటు అందులోంచే తీసుకోవచ్చు కదా అని ఓ మాట అన్నాను. జాలిగా చూశాడు. మామూలు యూఎస్‌బీలో వచ్చేది అర ఆంపియరేనట, స్టిక్‌కి అది చాలదట, మాటిమాటికీ ఆగిపోయి మళ్ళీ మొదలవుతుందట. అడాప్టరు కావాలి. అడాప్టరుకి ప్లగ్గు కావాలి. ప్లగ్గు కోసం ఎక్స్‌టెన్షన్ బాక్సు ఫ్రిజ్ కిందినుంచి, దేవుడి గది గుమ్మం పక్కనుంచి ప్రయాణం చేసి వచ్చింది. ఈ సర్దుబాటులో దోమల మందు మిషనుకి చోటు పోయింది. ఆ రాత్రి హాల్లో పడుకున్నది నేనే.

తర్వాత లాగిన్. సినిమాల చందా డల్లాస్‌లో ఉన్న మా బావమరిది పేరు మీద ఉంది. ఇక్కడ మధ్యాహ్నం మూడు, అక్కడ తెల్లవారుజాము మూడున్నర. కోడ్ అతని ఫోనుకి వెళ్ళింది. ఆ వేళప్పుడు ఇండియా నుంచి ఫోన్ వస్తే అమెరికాలో ఉన్న కొడుకు గుండె ఏమవుతుందో ఆయన ఆలోచించలేదు. “ఏమయింది బావా, నాన్నకి బాగానే ఉందా?” అని అతను వణుకుతూ అడిగితే, “నాన్నగారు బ్రహ్మాండంగా ఉన్నారు, ఆరు అంకెలు చెప్పు” అన్నాడు.

బొమ్మ వచ్చింది. తెర మీద ‘ఎవరు చూస్తున్నారు?’ అనే ప్రశ్న పడింది. మామగారు కళ్ళజోడు సర్దుకుని, “కనిపించడం లేదా? నేనే” అన్నారు. మనవడు ముందుకొచ్చి తాతయ్య బదులు ఏదో నొక్కాడు. ఆ పూటంతా మామగారికి పిల్లల బొమ్మలు తప్ప మరేమీ దొరకలేదు. ఇన్ని వేల రూపాయల యంత్రంలో ఎలుకా పిల్లీ మాత్రమే ఉన్నాయని ఆయన వీధి అరుగు మీద అందరికీ చెప్పారు.

ఇక అత్తగారి పాఠం. పాత రిమోట్ డిష్‌ది, నల్లది టీవీది, సన్నది స్టిక్‌ది. ఆయన లెక్కల పుస్తకంలోంచి కాగితం చింపి, వరస నంబర్లు వేసి, క్యాలెండర్ పక్కన అంటించాడు. కానీ హెచ్‌డీఎంఐలో ఓ గుణం ఉంది. స్టిక్ రిమోట్ పొరపాటున నొక్కితే చాలు, అది నిద్రలేచి టీవీ మొత్తాన్ని తన వైపు లాక్కుంటుంది. అత్తగారు సీరియల్ మధ్యలో చీర కొంగు సర్దుకుంటుంటే ఆ సన్నది ఒళ్ళోకి జారింది.

“బాబూ, నా సీరియల్ ఎక్కడికి పోయింది?”

“ఎక్కడికీ పోలేదండీ అత్తయ్యగారూ. హెచ్‌డీఎంఐ ఒకటిలో ఉంది.”

“అదెక్కడుంది నాయనా?”

“మీరిప్పుడు రెండులో ఉన్నారు.”

“నేను సోఫాలోనే ఉన్నాను కదా?”

సన్న రిమోట్‌లో మాట్లాడితే వింటుందని చెప్పాక మాత్రం ఆవిడకి దాని మీద గౌరవం పుట్టింది. నోటి దగ్గర పెట్టుకుని, “బాబూ, ఏం అనుకోకు, మాయాబజార్ ఉంటే కాస్త పెడతావా” అని అడుగుతారు. 1957 నాటి ఆ సినిమా వస్తే, ప్రియదర్శిని పేటిక దగ్గర తప్పక ఆపిస్తారు. మూత తెరిస్తే ఎవరి మనసులో ఏముంటే అదే కనిపించే పెట్టె అది. శశిరేఖకి అభిమన్యుడు, కృష్ణుడికి శకుని. “దానికి రీచార్జి లేదు, రిమోట్ లేదు చూశావా” అంటారు ఆవిడ. మా తోడల్లుడు ఆ మూత తెరిస్తే ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. ఖాళీగా ఉన్న మూడో హెచ్‌డీఎంఐ.

ఎందుకంటే ఆయన టీవీ చూడడు. నిజం. పూర్తి సినిమా ఆయన చూడగా నేను చూడలేదు. బొమ్మ వచ్చేదాకానే ఆయన ఉత్సాహం. వచ్చాక వెనక్కి వాలి, “క్లారిటీ చూశారా?” అంటాడు. ఇంటికి ఎవరొచ్చినా ఫోర్‌కే వీడియో ఒకటి పెడతాడు. సముద్రం అడుగున రంగు చేపలు. పాలవాడు చూశాడు, పురోహితుడు చూశాడు, కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చిన కుర్రాడు నిలబడి చూశాడు. పురోహితుడుగారు మాత్రం ఆ చేపల్ని ఎక్కువసేపు చూడడం భావ్యం కాదన్నట్టు తల తిప్పుకున్నారు.

డబ్బు విషయంలోనూ ఆయనది ప్రత్యేకమైన గణితం. 2019లో ట్రాయ్ కొత్త నిబంధనలు వచ్చి, వంద ఛానళ్ళకి 130 రూపాయలు, పన్నుతో 153 చిల్లర, పే ఛానళ్ళకి వేరే అన్నప్పుడు, అల్లుడుగారు నోటుబుక్కు తెరిచి ఇంటిల్లిపాదినీ విచారించి ఛానళ్ళు ఏరారు. స్టిక్ వచ్చాక ఆ జాబితాని మళ్ళీ కోశాడు. యాప్‌లో వచ్చే ఛానలుకి డిష్‌లో డబ్బెందుకని వాదన. అలా మిగిల్చిన డబ్బుతో రెండు యాప్‌ల చందా కట్టాడు, నెట్ ప్లాను పెద్దది చేశాడు. మామగారు లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. “బాబూ, మిగిల్చినందుకు మనకి ఎంత ఖర్చయింది?” అని అడిగారు. దానికి జవాబుగా ఆయన చేపలు పెట్టాడు.

వేసవిలో ఐపీఎల్ నాటి గొడవ ఇంకోటి. హాల్లో మ్యాచ్ స్టిక్‌లోనే చూడాలని ఆయన పట్టు. ఎదురింట్లో డిష్. మా తెర మీద బౌలరు ఇంకా పరుగు మొదలెట్టకముందే ఎదురింట్లోంచి “అవుట్” అని కేక వినిపిస్తుంది. ఆకాశంలోకి ఎక్కి దిగడానికి సిగ్నల్‌కి సెకనులో పావు వంతు చాలు, మిగతా తతంగం కలిపినా కొద్ది సెకన్లే. నెట్‌లో వచ్చే మ్యాచ్‌ని ముక్కలుగా కోసి, దారి పొడుగునా సర్వర్లలో దింపి, ఇక్కడ కొంత పోగయ్యాక గానీ చూపించరు. అందుకే ఒక్కోసారి అర నిమిషం వెనకబడుతుంది. అంత దూరం వెళ్ళొచ్చిన బొమ్మ ముందు, వీధి చివరి ఫైబర్ బొమ్మ వెనక. మామగారు ఈ కిటుకు త్వరగానే పట్టారు. ఎదురింటి కేక విని, గంభీరంగా, “ఈ బంతికి పోతాడు చూడండి” అనేవారు. పోయేవాడు. మనవలు తాతయ్యని దైవాంశ సంభూతుడిగా చూడ్డం మొదలెట్టారు.

ఇంత చెప్పాక ఓ మాట ఒప్పుకోవాలి. వానాకాలంలో ఆయనే గెలుస్తాడు. డిష్‌లోకి దిగే కేయూ బ్యాండ్ తరంగాలని జోరువాన చినుకులు మింగేస్తాయి. మబ్బు ముసిరి నాలుగు పెద్ద చినుకులు పడగానే వీధి వీధంతా ‘సిగ్నల్ లేదు’. మామగారింట్లో మాత్రం సీరియల్ సాగుతూనే ఉంటుంది. ఈదురుగాలికి కరెంటు పోతే రూటర్ కూడా పోయేది గానీ, దానికీ ఆయన ఓ బుల్లి యూపీఎస్ తగిలించాడు. చెట్టు కొమ్మ పడి ఫైబర్ తెగితే అప్పుడు డిష్. ఏటా మార్చిలోనూ సెప్టెంబరు-అక్టోబరుల్లోనూ సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి కొన్ని నిమిషాలు బొమ్మ పోతుందని, ఆ నిమిషాలకి కూడా ఆయన దగ్గర ఏర్పాటు ఉంది. అందుకే ఆయన దేన్నీ పీకనివ్వడు. అది నాకు అర్థమవుతుంది. అర్థమవడం వల్లే ఒళ్ళు మండుతుంది.

అసలు మంట వేరే ఉంది. ఆ డబ్బాలన్నీ కలిసి చేసిన పని ఏమిటంటే, మా అత్తగారికి పెద్దల్లుడు లేనిదే రోజు గడవదు. సాయంత్రం ఏడయ్యేసరికి హైదరాబాదుకి వీడియో కాల్. “బాబూ, మళ్ళీ రెండులోకి పోయింది.” “కెమెరా టీవీ వైపు తిప్పండి అత్తయ్యగారూ... నల్ల రిమోట్... సోర్సు... ఆఁ.” బొమ్మ వచ్చాక ఫోన్ పెట్టేయరు. భోంచేశావా, మోకాలు నొప్పి తగ్గిందా, పిల్లకి పరీక్షలెప్పుడు, మామిడికాయ పెట్టమంటావా అని అరగంట సాగుతుంది. నేను విశాఖలో ఉంటాను, ఏ డబ్బా తగిలించలేదు. నాకు అత్తగారి ఫోన్ పండక్కీ పండక్కీ వస్తుంది. ఆవకాయ జాడీ ఎవరికి పెద్దది వెళ్తుందో వేరే చెప్పాలా?

మా ఆవిడతో ఈ మాట అంటే, “మీరూ ఏదైనా తగిలించండి, ఎవరొద్దన్నారు?” అంది. ఆలోచించాను. నెమ్మదిగా విచారించాను. ఈ సంక్రాంతికి సౌండ్‌బార్ కొన్నాను. దాన్ని టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలోనే పెట్టాలి, వేరే దాంట్లో కుదరదు. ఆ రంధ్రంలో ప్రస్తుతం ఆయన స్టిక్ ఉంది. పీకక తప్పదు.

టార్చి ఆయన పట్టుకుంటాడు.