మా రోజుల్లో ఈ ఊళ్లో నడిచేవాళ్లం

హైదరాబాద్‌లో ఇవాళ ఎవరైనా గడప దాటబోతే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట, "ఎట్లా వెళ్తావు?" మా రోజుల్లో ఆ ప్రశ్న పుట్టేది కాదు. దగ్గరైతే నడిచేవాళ్లం, దూరమైతే బస్సెక్కేవాళ్లం. నల్లకుంటలో బయల్దేరి బర్కత్‌పుర, కాచిగూడ చౌరస్తా, బడీచౌడీ మీదుగా కోఠీ దాకా నడిచి, పాత పుస్తకాలు కొనుక్కుని మళ్లీ నడిచే ఇంటికి చేరడం కాలేజీ కుర్రాళ్లకి మామూలు సాయంత్రం. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లి బస్సుల వేళ దాటిపోతే, నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని కుటుంబాలకు కుటుంబాలు నారాయణగూడ, చిక్కడపల్లి దాకా కబుర్లాడుకుంటూ నడిచి వచ్చేవి. అది కష్టమని ఎవరూ అనుకోలేదు. 1938 నుంచి జరుగుతున్న ఆ నుమాయిష్ ఇప్పటికీ జరుగుతోంది. రాత్రిపూట అలా నడిచి రాగలిగే దారి మాత్రం లేదు.

అదే కోఠీ దారిలో ఇవాళ ఒక పెద్దమనిషిని నడవమని చూడండి. ఫుట్‌పాత్ అని పేరున్నది ఒక చోట మొదలవుతుంది. నాలుగడుగులు వేయగానే దుకాణం మెట్లు అడ్డం. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ వాళ్లు కార్లు ఎక్కించడానికి పోసుకున్న సిమెంటు ర్యాంపు. తర్వాత కంచె వేసిన ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన వరసగా మోటారు సైకిళ్లు. అవి దాటితే మూత లేని గుంత. దిగుదామంటే మోకాలెత్తు గట్టు. చివరికి మనిషి రోడ్డు మీదికే దిగాలి. దిగగానే వెనక నుంచి హారన్, ఈ రోడ్డు నీది కాదన్నట్టు. నాకు డెబ్బై దాటాయి. మా ఇంటావిడ రెండు వీధుల అవతల ఉన్న గుడికి వెళ్లడం మానేసింది. అందరూ మోకాళ్ల నొప్పులనుకుంటారు. అసలు కారణం రోడ్డు దాటలేకపోవడం.

ఇది కాలం తెచ్చిన మార్పు, ఎవరేం చేస్తారు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఇది కాలం చేసింది కాదు, నిర్ణయాలు చేసింది. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ఆ వెడల్పంతా వాహనాలకే పోయింది. చెట్లు పోయాయి, వాటి నీడ పోయింది, దుకాణాలు అంచు దాకా వచ్చాయి, అందరూ తీసుకోగా మిగిలిన జానెడు జాగాకి ఫుట్‌పాత్ అని పేరు పెట్టారు. అది కూడా చాలాచోట్ల వాన నీటి కాల్వ మీద పరిచిన బండలే. పూడిక తీయడానికి బండ లేపుతారు, తిరిగి వేయరు. కేబుళ్ల కోసం తవ్వుతారు, పూడ్చరు. వాన పడితే రోడ్డేదో గుంతేదో తెలియదు. 2023లో ఏప్రిల్ చివర కురిసిన వానకి, సికింద్రాబాద్‌లో పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్లిన చిన్నపిల్ల నాలాలో పడి చనిపోయింది. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. పాల కోసం వీధిలోకి వెళ్లిన పిల్ల ఇంటికి తిరిగి రాని ఊరు ఎన్ని అంతస్తుల మేడలు కట్టుకుంటే మాత్రం ఏం లాభం?

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు రోడ్డు మీదికి దిగనక్కర్లేనంత జాగా అది. కాలినడకన వెళ్లేవాళ్లకి ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అంత పెద్ద కోర్టు అంత స్పష్టంగా చెప్పాక కూడా మన వీధుల్లో ఒక్క ర్యాంపు కదల్లేదు.

రోడ్డు దాటడం ఇంకో గండం. మా రోజుల్లో చౌరస్తాలో పోలీసు చెయ్యి ఎత్తేవాడు, బండ్లు ఆగేవి, జనం దాటేవాళ్లు. తర్వాత సిగ్నళ్లొచ్చాయి, అవీ బాగానే ఉండేవి. ఇప్పుడు ఎన్నో కూడళ్లలో సిగ్నల్ తీసేసి యూటర్న్‌లు పెట్టారు. వాహనం ఎక్కడా ఆగకూడదన్నది వాళ్ల లెక్క. వాహనం ఆగితేనే కదా మనిషి దాటేది! పైన వంతెన ఉంది, ఎక్కి దాటండి అంటారు. ఉప్పల్ చౌరస్తాలో 2023లో తెరిచిన స్కైవాక్ మంచి పని. లిఫ్టులున్నాయి, మెట్రోతో కలిపారు, నేను మెచ్చుకుంటాను. అలాంటివి ఊళ్లో ఎన్ని ఉన్నాయి? చాలాచోట్ల ఉన్నవి ఇనుప మెట్లే. కారులో కూర్చున్నవాడు ఇరవై సెకన్లు ఆగకుండా ఉండటం కోసం కూరగాయల సంచీతో ఉన్న ముసలావిడ రెండంతస్తుల ఎత్తు ఎక్కి దిగాలా? ఎవరి సమయం విలువైనది, ఎవరి మోకాళ్లు విలువ లేనివి అన్నది ఈ ఊళ్లో ముందే తేల్చేశారు.

ఇక బస్సుల సంగతి. దీని గురించి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన ఆర్టీసీ బస్సుల రిజిస్ట్రేషన్ నంబర్లలో కనిపించే 'జెడ్' అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని పాతవాళ్లు చెబుతారు. సికింద్రాబాద్ నుంచి జూ పార్కు దాకా 7జెడ్ డబుల్ డెక్కర్ తిరిగేది. పై అంతస్తులో ముందు సీటు దొరికితే పిల్లలకి అది పండగే. హైకోర్టు గుమ్మటాలు, మూసీ, ఉస్మానియా ఆసుపత్రి అన్నీ కళ్లకెదురుగా కదిలేవి. చిల్లర లేకపోతే కండక్టరు టికెట్టు వెనక బాకీ రాసిచ్చేవాడు. దిగేముందు "పెద్దాయనా, చిల్లర తీస్కో" అని తనే గుర్తుచేసే కండక్టర్లు ఎందరో. అప్పుడంతా సుఖమేనని నేను చెప్పడం లేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లిన రోజులున్నాయి. ఎండలో గంటసేపు నిలబడిన రోజులున్నాయి. అయినా స్టాపులో నిలబడ్డవాడికి బస్సు వస్తుందన్న నమ్మకం ఉండేది. ఆ నమ్మకం మీదే ఇల్లెక్కడ తీసుకోవాలి, పిల్లల్ని ఏ బడిలో వేయాలి, ఎక్కడ ఉద్యోగం చేయాలి అని కుటుంబాలు నిర్ణయించుకునేవి.

2019 అక్టోబరులో ఆర్టీసీ కార్మికులు సమ్మె మొదలుపెట్టారు. 52 రోజులు సాగింది. సమ్మె ముగిశాక నగరంలో నష్టాల పేరు చెప్పి వందల కొద్దీ బస్సులు తగ్గించారు. ఊరు చూస్తే ఔటర్ రింగు దాటి పెరుగుతోంది, బస్సులు చూస్తే తరుగుతున్నాయి. నగరాల్లో లక్ష మంది జనాభాకి 60 బస్సులుండాలని కేంద్ర ప్రభుత్వమే కొలమానం పెట్టింది. ఆ లెక్కన కోటి మందికి ఆరు వేల బస్సులు కావాలి. బెంగళూరులో ఆ మాత్రం ఉన్నాయి. మన దగ్గర దాదాపు అందులో సగం. బస్సు నష్టంలో నడుస్తోందని లెక్క చూపించేవాళ్లు పైవంతెనకి నష్టమెంతో ఏనాడైనా లెక్క చూపించారా? వంతెన మీద పెట్టిన డబ్బుని అభివృద్ధి అంటారు, బస్సు మీద పెట్టిన డబ్బుని భారం అంటారు. నాకు మండేది ఇక్కడే.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి బస్సు ప్రయాణం ఉచితం చేశారు. చాలా మంచి పని. నాలుగిళ్లలో పనిచేసే మనిషికి నెలకు మిగిలే ఆ డబ్బు చిన్నది కాదు. ఆడవాళ్ల వల్లే సీట్లు దొరకడం లేదని గొణిగే మగవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తప్పు ఎక్కినవాళ్లది కాదు, చాలినన్ని బస్సులు వేయనివాళ్లది. టికెట్ ఉచితం చేసిన రోజే బస్సులూ పెంచి ఉంటే ఇవాళ ఫుట్‌బోర్డు మీద ఆడపిల్లలు వేలాడే గతి పట్టేది కాదు. డబుల్ డెక్కర్లు మళ్లీ తెచ్చామని 2023లో సంబరంగా చెప్పారు. ఎలక్ట్రిక్ బస్సులు, మూడు. ట్యాంక్‌బండ్ చుట్టూ సందర్శకులని తిప్పడానికి. పనికి వెళ్లే మనిషికి అవి ఏ మూలకి?

మెట్రో మీద నాకు కోపం లేదు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోల్ దాకా మొదలై, 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయింది. రాత్రి పదింటికి ఆడపిల్ల భయం లేకుండా ఇంటికి చేరుతోందంటే అది గొప్ప సంగతి. కానీ మెట్రో దిగాక ఏమిటి? స్టేషన్ మెట్లు దిగగానే మళ్లీ అదే లేని ఫుట్‌పాత్, అవే బండ్లు. స్టేషన్‌కి వెళ్లడానికి ఆటో, దిగాక మళ్లీ ఆటో అయితే కూలికి వెళ్లేవాడు ఎక్కగలడా? 2025 మేలో చార్జీలు కూడా పెంచారు. పాతబస్తీ సంగతి చెప్పనక్కర్లేదు. మొదటి ప్రణాళికలోనే ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా దారి ఉంది. మిగతా ఊరంతా రైలెక్కింది, చార్మినార్ చుట్టుపక్కల జనం మాత్రం ఇంకా ఎదురుచూస్తున్నారు. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి నడక దారి వేసే పనికి కూడా ఏళ్లకేళ్లు పట్టింది. పైవంతెన అయితే రెండేళ్లలో లేస్తుంది.

ఈమధ్య నన్ను బాగా బాధపెట్టింది ఇంకొకటుంది. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. పైన సోలార్ పలకల నీడ, రాత్రి దీపాలు. చూడటానికి చక్కగా ఉంది. సైకిల్‌ని కారు మీద కట్టుకుని అక్కడి దాకా వెళ్లి, తొక్కి, మళ్లీ కారెక్కి ఇంటికొస్తారు. మరి పొద్దున్నే పేపరు వేసే పిల్లవాడికి, కట్టడం పనికి సైకిల్ మీద పోయే మేస్త్రీకి, బడికి పోయే పిల్లలకి ఊరి లోపల గజం దారి లేదు. మా రోజుల్లో ఈ ఊళ్లో గుమస్తా నుంచి లెక్చరర్ దాకా సైకిలు తొక్కారు. నడకా అంతే. కేబీఆర్ పార్కు దగ్గర తెల్లవారుజామున చూడండి, నడవడానికి కార్లలో వస్తారు. నడక అనేది వ్యాయామం అయిపోయింది, ప్రయాణం కాకుండా పోయింది. ఆ పార్కు చుట్టూ ఉన్న ఆరు కూడళ్లలో కూడా పైవంతెనలు, అండర్‌పాస్‌లు కట్టాలని 2024లో పూనుకున్నారు.

మా వీధి చివర ఫుట్‌పాత్ బండ లేచిపోతే నేను ఫొటో తీసి ఫిర్యాదు పెట్టాను. కొన్నాళ్లకి "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోన్‌కి సందేశం వచ్చింది. వెళ్లి చూస్తే బండ అలాగే ఉంది. ఫిర్యాదు పెట్టిన కార్యాలయానికే వెళ్లాను. అక్కడున్న కుర్ర ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. మంచివాడే. "సార్, ఈ రోజుల్లో నడిచేవాళ్లెవరున్నారండీ?" అన్నాడు. "నువ్వు తాగిన టీ ఎవరు మోసుకొచ్చారు నాయనా? మీ ఆఫీసు ఊడ్చే ఆవిడ ఎలా వచ్చింది?" అన్నాను. అతను జవాబు చెప్పలేదు. అతన్ని నిందించి లాభం లేదు. పైన కూర్చుని ప్రణాళికలు వేసేవాళ్లకి కారు అద్దంలోంచి నడిచేవాళ్లు కనపడటం లేదు. కనపడనివాళ్లకి బడ్జెట్‌లో పద్దు ఉండదు.

ఫుట్‌పాత్ ఖాళీ చేయిస్తామని బయల్దేరితే మొదట పడేది తోపుడు బండ్ల మీద. ఇదీ అన్యాయమే. ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పుస్తకాలు పరిచేవాళ్లు ఎప్పుడూ నా నడకకి అడ్డం రాలేదు. నా చదువు సగం వాళ్ల చలవే. వీధి వ్యాపారులకి జాగా చూపించమని 2014లో పార్లమెంటు చట్టమే చేసింది. అరటిపళ్ల బండి సాయంత్రానికి కదిలిపోతుంది, ర్యాంపూ, షోరూము మెట్లూ జన్మలో కదలవు. ముందు కూల్చాల్సింది వాటిని.

ఇది చదువుతున్న మీరు కారున్నవాళ్లే అయినా, మీ అమ్మానాన్నలు నడిచేవాళ్లే, మీ పిల్లలు రేపు బస్టాపులో నిలబడేవాళ్లే. మీ కాలనీకి ఈసారి కార్పొరేటరు గానీ ఎమ్మెల్యే గానీ వచ్చి కొత్త పైవంతెన గురించి చెప్పబోతే, దయచేసి ఆపి ఒక్క మాట అడగండి: మా గుమ్మం నుంచి బస్టాపు దాకా ఫుట్‌పాత్ ఎప్పుడు వేస్తారు, ఆ స్టాపుకి బస్సు ఎన్ని నిమిషాలకొకటి వస్తుంది? దానికి తేదీతో సహా జవాబు వచ్చేదాకా వదలకండి.